అడిగే యంత్రం, జవాబిచ్చే యంత్రం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో కంప్యూటర్ తరగతి బోధకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కిందటేడు ఇదే సమావేశంలో ఒక పెద్దాయన లేచి మమ్మల్ని అడిగారు: "మేమిచ్చిన కంప్యూటర్ల మీద పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు? టైపింగు వస్తే చాలా?" ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. ఈ ఏడాది జవాబుతోనే మీ ముందుకు వచ్చాం.

మా తరగతికి వచ్చే పిల్లల ఇళ్ళలో స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టాలన్నా, హాల్ టికెట్టు తీసుకోవాలన్నా నెట్ సెంటరుకే వెళ్ళాలి. అక్కడ "సర్వర్ డౌన్, రేపు రండి" అంటే తిరిగి వచ్చేస్తారు. ఒక రోజు కూలి పోతుంది. ఆ సర్వర్ అంటే ఏమిటో, అది ఎందుకు పడిపోతుందో వాళ్ళకు తెలియదు. మనలో చాలామందికీ తెలియదు. అందుకే ఈసారి పిల్లల చేతనే ఒక సర్వర్ రాయించాలని, దానితో మాట్లాడే క్లయింటును కూడా వాళ్ళ చేతనే రాయించాలని అనుకున్నాం.

సర్వర్ అంటే ఎక్కడో చల్లని గదిలో ఉండే పెద్ద యంత్రమని పిల్లలు అనుకునేవారు. నిజానికి అది ఒక ప్రోగ్రాం. ఎవరైనా అడుగుతారేమోనని కాచుకుని ఉండడం, అడిగితే జవాబివ్వడం దాని పని. అడిగే ప్రోగ్రాం పేరు క్లయింట్. మీ ఫోనులో ఉన్న బ్రౌజర్ కూడా ఒక క్లయింటే.

ఈ పద్ధతి మీద నడిచే వెబ్‌ను టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన జెనీవా దగ్గర ఉన్న సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1989లో ప్రతిపాదించారు. 1990 చివరికల్లా మొదటి వెబ్ సర్వర్‌ను, మొదటి బ్రౌజర్‌ను ఆయనే తయారు చేశారు. ఆ సర్వర్ నడిచిన కంప్యూటర్ బల్ల మీద పెట్టుకునేంతదే. దాన్ని ఎవరూ ఆపేయకూడదని చేత్తో రాసిన కాగితం ఒకటి దానికి అంటించి ఉండేది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏ రుసుమూ లేకుండా లోకానికి వదిలేసింది. ఊరందరి కోసం తవ్వించిన బావిలాంటి పని అది. ఆ నీళ్ళు మనమూ తాగుతున్నాం.

ఇక మా పని సంగతి. మీరిచ్చిన పాత కంప్యూటర్లలో రెండింటిని ఒక రౌటరుకు తీగలతో కలిపాం. ఇంటర్నెట్ అవసరం లేదు. లైనక్స్, పైథాన్ రెండూ ఉచితమే. కంప్యూటర్‌కు ఉండే చిరునామా ఇంటి నంబరు లాంటిదైతే, పోర్టు ఆ ఇంటి తలుపు. తాళం వేయని వెబ్ మాటలకు మామూలుగా 80వ నంబరు తలుపు వాడతారు. సాధన కోసం మేం 8000 తీసుకున్నాం. సర్వర్ ఆ తలుపు దగ్గర కూర్చుంటుంది. ఎవరైనా తడితే తెరుస్తుంది, అడిగింది చదువుతుంది, జవాబు పంపుతుంది, మూసి మళ్ళీ కాచుకుంటుంది. క్లయింట్ తలుపు తట్టి, అడిగి, జవాబు చదువుకుని వెళ్ళిపోతుంది. ఒక్కొక్కటి ముప్ఫై వరసలు కూడా దాటలేదు.

మొదటి సాయంత్రం క్లయింట్ అడిగింది, జవాబు రాలేదు. తప్పు ఉందని కూడా ఏ తెరా చెప్పలేదు. రెండు యంత్రాలూ బిగుసుకుని కూర్చున్నాయి. ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు వరసలన్నీ చదివి కారణం పట్టుకున్నారు. అడగవలసింది అడిగాక చివర ఒక ఖాళీ వరస పంపాలి. "నా మాట అయిపోయింది" అని దాని అర్థం. పిల్లలు అది మరిచిపోయారు. క్లయింట్ మాట ఇంకా పూర్తి కాలేదని సర్వర్ ఆగింది. జవాబు వస్తుందని క్లయింట్ ఆగింది. ఒకరి కోసం ఒకరు అలా ఎంతసేపైనా కూర్చునేవారే.

రెండో చిక్కు మన తెలుగుతో వచ్చింది. "సలాం" అని జవాబు పంపాలనుకున్నారు. జవాబు పొడవెంతో ముందే చెప్పాలి. పిల్లలు పైథాన్‌తో లెక్కపెట్టించి 4 అని రాశారు. అవతల తెర మీద "స" ఒక్కటే వచ్చింది, పక్కన ఏదో పిచ్చి గుర్తు. పొడవు చెప్పవలసింది బైట్లలో. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. "సలాం" కంటికి రెండక్షరాలు, పైథాన్ లెక్కలో 4 గుర్తులు, తీగ మీద 12 బైట్లు. 12 అని దిద్దగానే సలాం పూర్తిగా అందింది. ఆ రోజు తరగతిలో చప్పట్లు కొట్టారు.

మూడోది అసలు పాఠం. ఒక కుర్రవాడు తలుపు తట్టి ఏమీ అడగకుండా ఊరుకునే క్లయింట్ ఒకటి రాశాడు. మా సర్వర్ ఒకసారి ఒక్కరితోనే మాట్లాడుతుంది కనుక, మిగతా పిల్లల క్లయింట్లన్నీ బయటే నిలబడిపోయాయి. "ఓహో, సర్వర్ డౌన్ అంటే ఇదా!" అన్నాడొకడు. డౌన్ కావడానికి వేరే కారణాలూ ఉంటాయి. కానీ ఆఖరి రోజున వేలమంది ఒకేసారి తలుపు తడితే ఏమవుతుందో పిల్లలకు కళ్ళకు కట్టింది. ఇప్పుడు దరఖాస్తు ఆఖరి రోజు దాకా ఆపొద్దని వాళ్ళే ఇంట్లో చెబుతున్నారు.

జవాబుతో పాటు సర్వర్ ఒక అంకె కూడా పంపుతుంది. 200 అంటే సరే. 4తో మొదలైతే అడిగిన తీరులో లోపం. అడిగిన పేజీ దొరకకపోతే 404 వస్తుంది. 5తో మొదలైతే లోపం సర్వర్ వైపు. ఈ చిన్న సంగతి ఎంత పనికొచ్చిందో వినండి. మా విద్యార్థిని ఒకరు తమ్ముడి దరఖాస్తు కోసం తల్లితో నెట్ సెంటరుకు వెళ్ళారు. "మీ కాగితాలు తప్పు, మళ్ళీ తెచ్చుకోండి" అన్నారట. మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరగాలని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అమ్మాయి తెర చూస్తే 503 అని ఉంది. "అమ్మీ, మన కాగితాలు బాగానే ఉన్నాయి. వాళ్ళ సర్వరుకే తీరిక లేదు" అని చెప్పి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి అవే కాగితాలతో దరఖాస్తు పెట్టి వచ్చింది.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే. ఈ పిల్లలందరూ ఇంజనీర్లవుతారని మేం చెప్పడం లేదు. తప్పు ఎవరిదో తెలియక తలవంచుకుని తిరిగి రావలసిన అవసరం ఇక వాళ్ళకు లేదు.

ఇంకో మాట. సహాయం అందుకున్న విద్యార్థుల పేర్లు ఈ సర్వర్ మీద పెడితే దాతలు చూసుకుంటారని కొందరు సూచించారు. మేం ఒప్పుకోలేదు. మా సర్వర్ పంపేది తాళం వేయని మాట, దారిలో ఎవరైనా చదవగలరు. తాళం వేసినా, పుచ్చుకున్నవారి పేర్లు పదిమందికీ చూపవలసిన అవసరం లేదని మా అభిప్రాయం. దాని మీద మన గ్రంథాలయ పుస్తకాల జాబితా మాత్రమే ఉంది.

ఆ రెండు కంప్యూటర్లు ఈ హాలులో వెనక బల్ల మీద ఉన్నాయి. మీ ఫోనును ఆ రౌటరుకు కలిపి, గోడ మీద రాసిన చిరునామా కొడితే జాబితా వస్తుంది. అందరూ ఒకేసారి కొట్టకండి, ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు!

చివరిగా ఒక విన్నపం. మూలన పడి ఉన్న కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలను ఆదివారం రెండు గంటలు మా తరగతికి పంపండి. మాకు యంత్రాల కన్నా చెప్పేవారి కొరతే ఎక్కువ.