విడాకుల కేసు ఏ ఊరి కోర్టులో వేయాలి?



విడాకులు మంచివా, చెడ్డవా అనే మాట ఈ రోజు వద్దు. అది ఎవరి బతుకును బట్టి వాళ్లు తేల్చుకోవాలి. ఈ రోజు ఒక్క సంగతే మాట్లాడుకుందాం. కేసు వేయాలంటే ఏ ఊరి కోర్టుకు పోవాలి?

ఇది చిన్న సంగతి కాదు. కోర్టు దూరమైతే ప్రతి వాయిదాకూ బస్సు చార్జీ కావాలి. ఆ రోజు కూలి పోతుంది. చంటిబిడ్డ ఉంటే ఎత్తుకుని పోవాలి. తోడుగా అన్నో తమ్ముడో రావాలి. వాళ్ల కూలీ పోతుంది. నాలుగు వాయిదాలు తిరిగేసరికి చాలామంది విసిగి మానుకుంటారు. న్యాయం తమ వైపు ఉన్నా దారి ఖర్చులకే ఓడిపోతారు.

ఒకామె ఉందనుకుందాం. ఆమె పెళ్లి కర్నూలులో జరిగింది. కాపురం హైదరాబాదులో పెట్టారు. తగాదాలు పెరిగి ఆమె నంద్యాలలో పుట్టింటికి చేరింది. భర్త బెంగుళూరులో పని చూసుకుని అక్కడే ఉంటున్నాడు. ఇప్పుడు ఆమె ఎక్కడికి పోవాలి?

"మొగుడు ఉన్నచోటికే పోవాల" అంటాడు ఒక పెద్దమనిషి. "కాదు, పెళ్లయిన ఊళ్లోనే" అంటాడు ఇంకొకాయన. ఇద్దరికీ తెలిసింది సగమే.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో 19వ సెక్షన్ ఈ సంగతి చెబుతుంది. పెళ్లి జరిగిన చోటి కోర్టులో కేసు వేయవచ్చు. అవతలి మనిషి ఉంటున్న చోట వేయవచ్చు. ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట వేయవచ్చు. 2003లో ఈ చట్టానికి ఇంకో మాట చేర్చారు. కేసు వేసేది భార్య అయితే, ఆ నాటికి తాను ఉంటున్న చోటి కోర్టులోనే వేయవచ్చు. అంటే ఆమె నంద్యాలలోనే వేయవచ్చు. బెంగుళూరు పోనక్కరలేదు. భర్త ఒప్పుకోవాలన్న నియమం కూడా లేదు.

ఉంటున్న చోటు అంటే నిజంగా ఉంటున్న చోటు. చుట్టపుచూపుగా రెండు రోజులు పోయిన ఊరు పనికిరాదు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పిల్లల బడి కాగితం ఆ ఊరివైతే మంచిది. కార్డులో ఇంకా అత్తగారి ఊరే ఉందా? ఉన్నా వెనక్కి తగ్గవద్దు. ఆ సంగతి లాయరుకు ముందే చెప్పాలి.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్న ఆడవాళ్లకూ ఈ వీలుంది. క్రైస్తవులకు, ముస్లిములకు చట్టాలు వేరు. వాళ్లు లాయరును అడిగి తెలుసుకోవాలి.

ఊరు తేలింది. అక్కడ ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులోనే వేయాలి. లేకపోతే మన వైపు మామూలుగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేస్తారు. పోలీసు స్టేషనులో విడాకులు ఇవ్వరు. పెద్దలు స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించినా అది కోర్టు తీర్పు కాదు. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లికి తొందరపడితే చిక్కుల్లో పడతారు.

భర్తే ముందుగా దూరపు ఊళ్లో కేసు వేస్తే? నోటీసు వస్తుంది. కోపంతో దాన్ని చించి పారేయవద్దు. పోకపోతే ఆమె లేకుండానే తీర్పు చెప్పవచ్చు. కేసును తన ఊరికి మార్చమని ఆమె అడగవచ్చు. రాష్ట్రం లోపలైతే హైకోర్టును అడగాలి. వేరే రాష్ట్రమైతే సుప్రీంకోర్టును అడగాలి. 2014 నుంచి తెలంగాణ వేరే రాష్ట్రం కదా! హైదరాబాదు కేసును నంద్యాలకు మార్చాలన్నా ఢిల్లీలోనే అడగాలి. అడిగితే తప్పక మారుస్తారని కాదు. కానీ చంటిబిడ్డ, దూరం, డబ్బు లేకపోవడం, ఇవన్నీ కోర్టు చూస్తుంది.

లాయరు ఫీజు ఎట్లా అంటారా? 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం ఎంతని అడగరు. కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థ ఆఫీసు ఎక్కడో అడగండి. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. పోయేటప్పుడు శుభలేఖ, పెళ్లి ఫోటో, పెళ్లి రిజిస్టరు కాగితం, ఏది ఉంటే అది తీసుకుపోవాలి. భర్త ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామా కూడా రాసుకుపోవాలి. కోర్టు నోటీసు అక్కడికే పంపుతుంది.