లినక్సు ల్యాప్‌టాపునకు వైఫై అందనప్పుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమున పుస్తకముల బీరువాల ప్రక్కనే ల్యాప్‌టాపునకుగూడ ఒక బల్ల వేసియున్నారు. పరీక్షల దరఖాస్తులకు విద్యార్థులును, భూమి రికార్డులకు రైతులును దాని కడకు వచ్చుచున్నారు. అది పాత యంత్రమగుటచే అందు లినక్సు అను ఉచిత వ్యవస్థను నెలకొల్పినారు. ఫిన్లాండు దేశమున లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి 1991లో ఆరంభించిన ఈ వ్యవస్థ యూనిక్సు పద్ధతి ననుసరించినది. పాత యంత్రములకు మేలైనదే. అయినను వైఫై నిలిచిన దినమున “ఇది పనికిరాదు, తీసివేయుడు” అను మాట తప్పక వినబడును. తీసివేయుటకు ముందు యంత్రము నొకసారి ప్రశ్నింపుడని నా మనవి. లినక్సు తన జబ్బును తానే చెప్పును, అడుగువారు కావలెను.

టెర్మినల్ తెరచి ఆంగ్లాక్షరములలో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని టైపు చేయుడు. ‘సాఫ్ట్ బ్లాక్డ్’ అనుచోట ‘యస్’ అని యున్నచో ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ అను ఆజ్ఞతో విడిపోవును. ‘హార్డ్ బ్లాక్డ్’ అనుచోట ‘యస్’ యున్నచో ఏ ఆజ్ఞయు సాగదు; ల్యాప్‌టాపు అంచుననున్న చిన్న మీటను జరుపవలెను. దుమ్ము తుడుచునప్పుడు గుడ్డ తగిలి జరిగిన మీటకై యంత్రమును పట్టణమునకు మోసికొనిపోవుటయు కద్దు!

మీట సరిగానున్నను వైఫై జాడయే కానరానిచో చిక్కు లోతైనది. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అను ఆజ్ఞ లోపలి చిప్పు ఎవరి తయారో చెప్పును. చిప్పును నడుపుటకు డ్రైవరు కావలెను. అనేక చిప్పులకు అదియు చాలదు. తయారీదారులు వ్రాసిన ఫర్మ్‌వేరు అను చిన్న ఫైలు చిప్పులోనికి ఎక్కవలెను. స్వేచ్ఛగా పంచుటకు వీలులేని ఇట్టి ఫైళ్లను కొన్ని లినక్సు పంపిణీలు వేరుగా నుంచినవి. బ్రాడ్‌కామ్ వారి పాత చిప్పులు కొన్నింటికి ఈ ఇబ్బంది కలదు. నిర్వాహకుని అనుమతితో డి, ఎమ్, ఇ, ఎస్, జి అను ఐదక్షరముల ఆజ్ఞ నిచ్చినచో, ఫర్మ్‌వేరు దొరకలేదను ఫిర్యాదు, కావలసిన ఫైలు పేరుతో సహా, తెరపై కనబడును.

ఇక ఆ ఫైలు తెచ్చుకొనుటకు ఇంటర్నెట్టు కావలెను; ఇంటర్నెట్టునకు ఆ ఫైలు కావలెను. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు! దీనికి మందు మీ జేబులోనే యున్నది. సెల్‌ఫోనును ఛార్జరు తీగతో ల్యాప్‌టాపునకు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెదరింగ్ అనుదానిని తెరచినచో, వైఫై లేకయే ఇంటర్నెట్టు వచ్చును. ఆ పది నిమిషములలో ఫర్మ్‌వేరును దింపుకొనవచ్చును. డెబియన్ వారు మాత్రము 2023లో విడుదలచేసిన 12వ కూర్పు నుండి అట్టి ఫర్మ్‌వేరును స్థాపన ప్రతిలోనే చేర్చుచున్నారు.

వైఫై గుర్తు నిండుగానున్నను పేజీలు తెరచుకొనకపోవుట వేరొక జబ్బు. ‘ఐపీ ఎ’ అని అడుగుడు. చిరునామా 169.254తో మొదలైనచో రౌటరు మనకు చిరునామా నీయలేదని అర్థము. రౌటరు నొకసారి ఆపి తెరువుడు. చిరునామా సరియైనచో ‘పింగ్ 8.8.8.8’ అనుడు. (ఆపుటకు కంట్రోలు, సి కలిపి నొక్కవలెను.) జవాబు వచ్చియు పేర్లతో పేజీలు తెరచుకొననిచో డీఎన్‌ఎస్ చెడినదని అనుమానింపవలెను. పుస్తకము పేరు చెప్పగా బీరువా సంఖ్య చూపు మన పట్టిక వంటిది డీఎన్‌ఎస్. పుస్తకములు బీరువాలలోనే యున్నవి, పట్టిక పోయినది. వైఫై అమరికలలో డీఎన్‌ఎస్ గడియందు 8.8.8.8 అని వ్రాసి మరల కలుపుడు.

పాత యంత్రములలో గడియారమునుగూడ చూడవలెను. తేదీ ఏండ్ల వెనుకకు పోయినచో, భద్రతాపత్రములు ఇంకను అమలులోనికి రానట్లు తోచి బ్రౌజరు పేజీలను నిరాకరించును. నింద వైఫైపై పడును. తేదీని సరిచేసినను యంత్రము నాపి తెరచునప్పటికి మరల వెనుకకు పోవుచున్నచో, లోపలనున్న రూపాయి బిళ్లంత బ్యాటరీని మార్పించుడు.