శంకరం కొండ, చెరకు గానుగ

అనకాపల్లికి కొద్ది మైళ్ల దూరంలో శంకరమనే గ్రామం వున్నది. మొన్నటి శీతకాలంలో ఒక ఆదివారంనాడు మా అమ్మాయిని వెంటబెట్టుకొని అక్కడి బొజ్జన్నకొండకు వెళ్లినాను. నాకది కొత్త చోటు కాదు. చిన్నతనంలో కనుమ తీర్థానికి వెళ్లినదే. అప్పుడు నా చేతిలో రాయి వుండేది.

శ్రోతలు ఆశ్చర్యపడవద్దు. ఆ కొండమీద బొజ్జవలె వున్న ఒక శిలను రాక్షసుడని భావించి కనుమనాడు జనం రాళ్లు రువ్వేవారు. నేనూ రువ్వినాను. గురి తగిలినందుకు గంతులు వేసినాను కూడా. ఇంటాక్ సంస్థ, పురావస్తుశాఖ పూనుకొన్న మీదట ఆ ఆచారం ఆగిపోయినది.

1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ త్రవ్వకాలు జరిపినాడు. సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి, కుబ్జవిష్ణువర్ధనుని రాగినాణేలు బయటపడినవి. కొండనే తొలిచిన గుహలు, వాకిళ్లపైన బుద్ధమూర్తులు, పదహారు స్తంభాల నడుమ ఏకశిలాస్తూపం గల ఒక మండపం, పైన ఇటుకలు తొడిగిన మహాస్తూపం—ఇదంతా ఒకనాటి బౌద్ధసంఘం నివాసం. సంఘారామమే శంకరమైనదంటారు. ప్రక్క కొండమీద వరుసలు తీరిన చిన్న స్తూపాలను జనం లింగాలనుకొన్నారు; అది లింగాలకొండ అయినది. పేరు మిగిలి అర్థం జారిపోవటమంటే ఇదే కాబోలు.

"నాన్నా, నువ్వు కొట్టిన రాయి ఏది?" అని అమ్మాయి అడిగినది. నేను గుహల వాకిళ్లు చూపిస్తూ మాట తప్పించినాను.

దిగివచ్చేసరికి చెరకుతోటల నడుమనుంచి పొగ కనిపించినది. గానుగ ఆడుతున్నది. ఎద్దుల స్థానంలో ఇంజను వచ్చినదే గాని తక్కిన పని పూర్వపుదే. ఎండిన పిప్పియే పొయ్యిలో వంటచెరకు. పెనంలో రసం మరుగుతుంటే సున్నపుతేట వేసి, పైకి తేలిన మడ్డిని ఒక వృద్ధుడు తీసివేస్తున్నాడు. పాకం ఎప్పుడు దించాలో ఎట్లా తెలుస్తుందని అడిగినాను.

"నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి బాబూ. ఆ పైన తాత్సారం చేస్తే మాడిపోతాది" అన్నాడు.

అనకాపల్లిలో 1913లోనే చెరకు పరిశోధన కేంద్రం వెలసినది. ఇక్కడి బెల్లపు మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. అయితే కొనేవాడు పసుపువన్నె కోరుతాడు. ఆ వన్నెకోసం కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కలపనివారి నల్లబెల్లానికి ధర తగ్గుతుంది. వృద్ధుని బెల్లం నల్లగానే వున్నది. ఆయన కొడుకులిద్దరూ పట్నంలో కొలువుల్లో వున్నారట. పెనం దగ్గర నిలబడేందుకు ఆయన తరువాత ఎవరూ లేరు.

కొండమీది భిక్షువులు ఏమి వండుకొన్నారో, దీపానికి ఏ నూనె పోసినారో చెప్పేవారెవరూ లేరు. ఇక్కడ అడిగితే చెప్పే మనిషి ఎదుటనే వున్నాడు.

ఆయన ఆకులో వేసి యిచ్చిన వేడిబెల్లం నాకుతూ మా అమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టినది. సున్నం ఎంత? మంట ఎప్పుడు తగ్గిస్తావు తాతా? ఆయన తెడ్డు ఆమె చేతికిచ్చి, వెనుక నిలబడి చూపించసాగినాడు. తిరుగుబస్సు వెళ్లిపోయినది. నేను తొందరపెట్టలేదు.