పంచాయతీ పగలు పాల కేంద్రానికి తేవద్దు



పంచాయతీ ఎన్నికలు జరిగిన గ్రామాలలో మేము తరచు చూస్తున్న సంగతి ఒకటున్నది. నిన్నటిదాకా ఒకే వరుసలో నిలబడి పాలు పోసినవారు ఫలితాలు వెలువడిన మరునాటినుండి పలకరించుకోరు. ఓడిన వర్గంవారికి వెన్న రెండు పాయింట్లు తగ్గితే చాలు, టెస్టరు గెలిచినవారి మనిషి అయిపోతాడు. అతడికీ రోషం ఉంటుంది, నోరు జారుతాడు. మరుసటి పూట ఆ ఇంటి పాలు ప్రైవేటు వ్యాపారికి పోతాయి.

గేదెకు ఏ వర్గమూ లేదు. చివరి ధారలలోనే వెన్న ఎక్కువ. వాటిని దూడకు వదిలితే శాతం తగ్గుతుంది. నమూనా తీసేముందు పాలు బాగా కలపకపోయినా లెక్క తప్పుతుంది. గెర్బర్ పరీక్షకు పాలు 10.75 మిల్లీలీటర్లు ఉండాలి. ఆ కొలత సరిగా ఉన్నదా అని చూసే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది.

అనుమానం వస్తే అప్పుడే, అందరి ఎదుటా, రెండవసారి పరీక్ష చేయమని అడగండి. టెస్టరు దానిని అవమానంగా భావించరాదు. అప్పటికీ తేలకపోతే పాలకవర్గానికి వ్రాసి ఇవ్వండి. టీ కొట్టు దగ్గర పెట్టే పంచాయితీతో ఏదీ తేలదు. అడిగేదేదో నమూనా పారబోయకముందే అడగండి.