ఇనుముకు పొడిపూత
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యాలయం మెట్లకు ఇనుప రెయిలింగు పెట్టించాలని కార్యవర్గం తలపెట్టింది. ఏటేటా రంగు వేయించుకుందామా, ఒకేసారి గట్టి పూత పెట్టిద్దామా అన్నది ఇప్పుడు తేలాలి. మెట్లెక్కేటప్పుడు మన వయసువారికి ఆధారం ఆ కమ్మీయే. అది తుప్పుపట్టి పెచ్చులు లేస్తే చెయ్యి కోసుకుంటుంది. అందుకని 'ఫ్లూయిడైజ్డ్ బెడ్' పూత గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

వంటింట్లో గిన్నెలు బోర్లించే, ప్లాస్టిక్ తొడుగున్న తీగ స్టాండ్లు చూసే ఉంటారు. అలాంటివాటికి వాడే పద్ధతే ఇది. 1950ల తొలినాళ్ళలో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్ దీన్ని రూపొందించారు. 1958లో అమెరికా పేటెంటు వచ్చింది.

ఒక తొట్టి. దాని అడుగున సన్నని రంధ్రాల పలక. పలక మీద నైలాన్, పీవీసీ లేదా ఎపాక్సీ పొడి. కింది నుంచి గాలి పంపితే పొడి పైకి లేచి ఎసరులా కదులుతుంది, నీళ్ళలా చెయ్యికి దారి ఇస్తుంది. శుభ్రం చేసిన ఇనుమును సాధారణంగా 200 డిగ్రీల సెల్సియస్ పైన కాచి, అందులో కొద్ది సెకండ్లు ముంచుతారు. తగిలిన పొడి ఆ వేడికి కరిగి అంటుకుంటుంది. పూర్ణాన్ని తోపులో ముంచినట్టు మూలమూలకూ పూత పడుతుంది. మందం తరచు పావు మిల్లీమీటరు, అంతకు పైన కూడా ఉంటుంది. బ్రష్షుతో ఒకసారి వేసే రంగు ఇందులో చాలా తక్కువ వంతు. పొడిలో టర్పెంటైన్ వంటి ద్రావకం ఉండదు కనుక ఆ ఘాటు పనివాడి ఊపిరికి తగలదు. అంటని పొడి తొట్టిలోనే మిగులుతుంది.

అయితే లోపాలూ ఉన్నాయి. వస్తువు తొట్టిలో పట్టాలి. పూతకు గాటు పడితే నీరు లోపలికి దిగి, తుప్పు కనబడకుండా పాకుతుంది. ఎపాక్సీ పూత ఎండకు సుద్దలా రాలుతుంది.

కనుక కొటేషన్లు పిలిచేటప్పుడు ఈ నాలుగు షరతులు రాయించాలని నా సూచన. వెల్డింగు, రంధ్రాలు అన్నీ పూతకు ముందే పూర్తికావాలి. రెయిలింగును తొట్టిలో పట్టే ముక్కలుగా చేసి, బోల్టులతో బిగించాలి. పాత తుప్పు, జిడ్డు పూర్తిగా తీయాలి. ఎండకు తట్టుకునే పొడి వాడాలి. ఆ తరువాత గాటు కనబడిన వెంటనే అతుకు వేయించే బాధ్యత మనది.

ఈ షరతులకు ఒప్పుకునేవారు దొరకకపోతే, మంచి రెడ్ ఆక్సైడ్ మీద ఏటేటా రంగు వేయించుకోవడమే మేలు. నిర్ణయం సభవారిది.