పట్టికలో ఒక పేరు



సంగీతము వినుటకు వచ్చిన మీకు ఒక మండలి సమావేశముల ముచ్చట చెప్పుమని మన కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. హార్మోనియమునకు శ్రుతి కుదురునంతవరకు మీరు ఓర్చుకొందురను ధైర్యముతో నిలుచుంటిని.

కొన్నేండ్ల క్రిందట డెప్యుటేషనుపై ఒక రాష్ట్ర సచివాలయమున పనిచేయుచుండగా, ఆ రాష్ట్రపు నర్సుల మండలిలో ప్రభుత్వము నియమించిన సభ్యునిగా మూడేండ్లు కూర్చుంటిని. నేను చదివినది చరిత్ర. నాడి చూచుట సైతము ఎరుగను. మొదటి దినమున బల్లచుట్టు నున్నవారిలో పలువురు ముప్పదేసి యేండ్లు వార్డులలో నిలుచున్న నర్సులు. “ఈయన యెందులకు?” అను ప్రశ్న వారి ముఖములందు స్పష్టముగా కనబడెను. అది న్యాయమైన ప్రశ్నయే.

సమాధానము చట్టము నందున్నది. 1947 నాటి భారత నర్సింగ్ మండలి చట్టము, కేంద్రప్రభుత్వము నియమించు నలుగురిలో ఇద్దరైనను నర్సులో, మంత్రసానులో, ఆరోగ్య సందర్శకులో కావలయుననియు, ఒకరు అనుభవజ్ఞుడైన విద్యావేత్త కావలయుననియు విధించినది. పార్లమెంటు ఎన్నుకొను ముగ్గురికిని చోటిచ్చినది. అనగా వృత్తిని వృత్తివారికే పూర్తిగా విడిచిపెట్టలేదు. రాష్ట్ర మండలులలో మావంటివారు కూర్చుండుటకును మూలము ఈ తలంపే.

మన తెలుగు జిల్లాలకు ఈ వ్యవహారము క్రొత్త కాదు. మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము 1926 లోనే వచ్చెను. సర్కారు జిల్లాలును, రాయలసీమయు నాడు దానిక్రింద నుండెను. అయితే ఏ ప్రాంతపు పట్టిక ఆ ప్రాంతమునకే. ఒకచోట నర్సుగా నమోదైన వ్యక్తి వేరొకచోట నర్సు కాకపోవచ్చును. 1946 లో భోర్ కమిటీ దేశమందలి నర్సులు సుమారు 7,000 మంది యనియు, 43,000 జనమునకు ఒక్కరనియు లెక్క తేల్చెను. మరుసటి సంవత్సరమే, నర్సుల శిక్షణకు దేశమంతట ఒకే ప్రమాణ ముండవలెనని, నేను చెప్పిన కేంద్ర చట్టము చేసిరి. దాని స్థానమున నిలుపుటకు 2023 లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. నీతినియమములకును, నమోదునకును అందులో ప్రత్యేకముగా ఒక బోర్డు నేర్పరచిరి.

మండలి పనిలో హెచ్చుభాగము నీరసమైనది: పాఠశాలల తనిఖీ నివేదికలు, సీట్ల సంఖ్యలు, పరీక్షల తేదీలు, పేర్ల నమోదు. ఈ పేర్ల నమోదులో మన తెలుగువారి యింటిపేరు చేయు అల్లరి ఇంతింత కాదు. గుంటూరు జిల్లానుండి వచ్చిన ఒక నర్సునకు శిక్షణపత్రములో ఇంటిపేరు ఒక పొడి అక్షరము. పదవ తరగతి పత్రములో పూర్తిగా ముందు. వివాహానంతరము తీసికొన్న గుర్తింపుకార్డులో భర్త యింటిపేరు చివర. గుమాస్తా లెక్కలో వీరు ముగ్గురు స్త్రీలు. ఏడు నెలలు ఫైలు తిరిగెను. మూడు విధములుగా వ్రాసిన నా పేరును నేనును మోయుచున్నవాడనే గనుక, నా ఉనికివలన మండలికి కలిగిన మొదటి ప్రయోజనము ఆ ఫైలు ముగియుటయే.

రెండవ యేట ఒక ఫిర్యాదు వచ్చెను. ఒక ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలోనున్న నర్సు మందు కలుపుటకు పరిశుద్ధజలపు ఆంప్యూలు అనుకొని గాఢమైన పొటాషియం క్లోరైడు తీసెను. పొటాషియము దేహమునకు కావలసినదే. పలుచన చేయక నరములోనికి వేగముగా ఎక్కించినచో గుండె నిలిచిపోవును. రోగి ఇరువది రెండేండ్ల యువకుడు. మరణించెను. ఫిర్యాదు చేసినవాడు తండ్రి. తన కాగితములకు తానే వరుససంఖ్యలు వేసి గుడ్డసంచిలో తెచ్చుకొనెను.

ఆ నర్సు తప్పు దాచలేదు. ఆ రాత్రియే డ్యూటీ పుస్తకములో జరిగినది జరిగినట్లు వ్రాసెను. మా యెదుట నున్న సాక్ష్యమెల్ల ఆమె చేతివ్రాతయే. పట్టికనుండి పేరు తొలగించినచో పోవునది ఒక ఉద్యోగము కాదు, వృత్తి. తొలగించితిమా, ఇకమీదట ఏ నర్సు వ్రాయును? ఈ మాట నేను అనగా ఆ తండ్రి, “ఆమె నిజము చెప్పినది, ఒప్పుకొందును. నిజము చెప్పినందున మావాడు లేచి వచ్చునా అయ్యా?” అనెను. నాకు సమాధానము తోచలేదు.

ఎనుబది పుటల ఫైలంతయు చదివితిని. ఒక్క సంగతి లేదు. “ఆ రాత్రి వార్డులో ఎందరు రోగులమ్మా?” అని అడిగితిని. “నలుబది యొక్కరు. నేనొక్కతెను, ఒక ఆయా” అనెను. బోధనాసుపత్రి కానిచోట సామాన్యవార్డులో షిఫ్టునకు అయిదుగురు రోగులకు ఒక నర్సు అని భారత నర్సింగ్ మండలి చెప్పిన ప్రమాణము.

వృత్తివారు తమవారిని కాచుకొందురని నేను భయపడితిని. జరిగినది వేరు. అందరికంటె పెద్దయైన నర్సు, “ఆంప్యూలుపై పేరు చదువుట మేము మొదటి సంవత్సరముననే నేర్పుదుము. నలుబది యొక్కరున్నను చదువవలసినదే” అని తొలగింపునే కోరెను. వైద్యసభ్యుడు హెచ్చరిక చాలుననెను. చివరకు ఒక సంవత్సరము నిలుపుదల అని తీర్మానించితిమి. నేనును చేయి యెత్తితిని. అది హెచ్చో తక్కువో నేటికిని నిశ్చయించుకొనలేకున్నాను.

ఆసుపత్రి మాట యేమనగా, మా చేయి అచ్చటికి చేరదు. మా పట్టికలో మనుష్యుల పేర్లే కాని ఆసుపత్రుల పేర్లుండవు. అందుచేత గాఢమైన పొటాషియము వార్డు ట్రేలలో నుంచరాదనియు, తాళములో నుంచవలెననియు ప్రభుత్వమునకు ఒక లేఖ వ్రాయ నిశ్చయించితిమి. చిత్తుప్రతి నేనే వ్రాసితిని. అది నేను పనిచేయు సచివాలయమునకే చేరెను. దానిపై ఎవరో “పరిశీలింపవలయును” అని వ్రాసిరి. ఆ మాటను నేనెన్ని ఫైళ్లపై వ్రాసితినో భగవంతునికి తెలియును. మూడు మారులు జ్ఞాపిక పంపి, రెండంతస్తులు దిగి వెళ్లి ఆ సెక్షనులో కూర్చుండగా, అయిదు నెలలకు సర్క్యులరు వెలువడెను.

నా పదవీకాలము ముగియు దినములలో ఆ తండ్రినుండి ఒక కార్డు వచ్చెను. శిక్షను గూర్చి ఒక్క మాటయు లేదు. ఆ మందు ఇప్పుడా ట్రేలో నున్నదా లేదా, అంతే అడిగెను. ఒక రాత్రి తనిఖీ బృందముతో నేనును వెళ్లి చూచి, స్వహస్తముతో ప్రత్యుత్తర మిచ్చితిని: మందు బీరువాలో నున్నది, తాళపుచెవి నర్సు నడుముననున్నది, వార్డులో ఆ రాత్రి నర్సులు ఇద్దరు, రోగులు ముప్పది తొమ్మిదిమంది.