ప్రమాద శబ్దమునకు రెండర్థములు
(స్మారకోపన్యాసము)



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలము సమావేశమైతిమో, ఆ పెద్దలు మూడు దశాబ్దములు కంట్రోల్ టవర్‌లో కొలువు చేసినవారు. తమ చేతిమీదుగా సాగిన విమానములలో ఒక్క ప్రాణికైనను హాని కలుగలేదని ఎవరైన కొనియాడినపుడెల్ల, తామును తప్పిదములు చేసితిమనియు, ప్రక్క ఆసనమునందున్నవారు వానిని సకాలమున పట్టుకొనిరనియు చెప్పెడివారు. వినయమునకై పలికినట్లు తోచు ఆ మాటలో ఒక శాస్త్రమంతయు ఇమిడియున్నది. నేటి నా ప్రసంగము దానికి వ్యాఖ్యానమాత్రము.

సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. తెలుగువాడుకలో ప్రమాదమనగా ఆపద. ఏమరక యుండువానిని అప్రమత్తుడని నేటికిని అనుచున్నాము గదా. కారణమును తెలుపు శబ్దము మన నోట ఫలమును తెలుపుచున్నది. ఈ రెండర్థముల నడుమ ఎంత దూరముండవలెను, ఆ దూరమును కల్పింపవలసినవారెవరు అను విచారమే విమాన గమన నియంత్రణ చరిత్రకు ప్రాణమని నా మనవి.

విమానములరుదుగా నుండిన దినములలో ఆ దూరమును ఆకాశమే ప్రసాదించెను. 1920లో లండను సమీపమున క్రోయిడన్‌నందు తొలి కంట్రోల్ టవర్ వెలసినను, 1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయమున ఆర్చీ లీగ్ అనునతడు ఆగుమనుటకొక జెండా, సాగుమనుటకొక జెండా చేతబట్టి మైదానమున నిలిచినను, పైకి లేచిన పిదప పైలట్ తన కన్నులనే నమ్ముకొనవలసి యుండెను. 1956 జూన్ 30న లాస్ ఏంజెలెస్ నుండి బయలుదేరిన రెండు విమానములు గ్రాండ్ కాన్యన్ పైని, ఒకదానినొకటి చూచి తప్పించుకొనుట పైలట్లకే వదలివేయబడిన ఆకాశమున ఢీకొనగా 128 మంది మరణించిరి. అప్పుడు గాని ఆకాశము ఇరుకైనదన్న సంగతి రాజ్యమునకు తట్టలేదు. 1958లో శాసనము వచ్చినది. నియంత్రణకొక ప్రత్యేకసంస్థ ఏర్పడినది. రాడార్ తెరలు వెలిగినవి. ఆకాశమిచ్చిన దూరమునిక ఆ తెర ముందు కూర్చున్న మనుష్యుడీయవలసి వచ్చెను.

ఆ మనుష్యుని శక్తికిగల హద్దు అప్పటికే తెలియనిది కాదు. జలాంతర్గాములను వెదకు రాడార్ కాపరులు ఏల ఏమరుదురో తెలిసికొనగోరి, కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు ఒక గడియారమును కల్పించెను. క్షణక్షణమునకు ఒక్కొక్క గంతు వేయు దాని ముల్లు ఎప్పుడో ఒకప్పుడు జంటగంతు వేయును. దానిని కనిపెట్టుటయే పరీక్షకు కూర్చున్నవాని పని. రెండుగంటల కాపులో తొలి అరగంట గడచునప్పటికే చూపు సడలుచున్నదని 1948లో ఆయన ప్రకటించెను. పరీక్షకు కూర్చున్నవారు సోమరులు కారు; శ్రద్ధాళువులే. మెలకువయు నూనె గల దీపము వంటిదేనని, దానికి వేళకు నూనె పోయుట ఏర్పాటు చేయువారి ధర్మమని ఆ గడియారము చెప్పినది.

1974 డిసెంబరు 1న వాషింగ్టన్ చేరవచ్చుచున్న విమానమొకటి పర్వతమును తాకి 92 మంది మరణించిరి. దిగివచ్చుటకు కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని, వెంటనే క్రింది ఎత్తునకు దిగవచ్చునని పైలట్ గ్రహించెను. కొండల ఎత్తును చూచుకొనుట పైలట్ వంతని కంట్రోలర్ తలచెను. కొన్ని వారములకు ముందే వేరొక కంపెనీ పైలట్లు అదే మాటను అట్లే అపార్థము చేసికొని, త్రుటిలో తప్పించుకొని, ఆ సంగతిని తమ కంపెనీకి తెలిపియుండిరి. అది గడప దాటలేదు. ఆ చింతనుండియే 1976లో, తప్పిదమును తానే తెలుపుకొనిన వానికి రక్షణమునిచ్చి, పేరు మఱుగుపఱచి, పాఠమును మాత్రము లోకమునకు పంచు పద్ధతిని నాసా నిర్వహణమున అమెరికా నెలకొల్పెను.

అదే 1976 సెప్టెంబరు 10న యుగోస్లావియాలోని జాగ్రెబ్ పైని రెండు విమానములు 33,000 అడుగుల ఎత్తున ఢీకొని 176 మంది మరణించిరి. రద్దీకి చాలినంత సిబ్బంది అచట లేదు. పనినందుకొనవలసినవాడు ఆలస్యము చేయగా, అతనిని వెదకుటకు తోడివాడు లేచిపోగా, పై ఆకాశమంతటి భారమును ఒక్కడు మోయుచుండెను. కడపటి క్షణమున అతడు ఒక విమానమునకు తన మాతృభాషలో కేక వేసెను. రెండవ విమానమున నున్న ఆంగ్లేయులకది బోధపడలేదు. విచారణకు నిలిచిన ఎనమండుగురిలో అతనికొక్కనికే ఏడేండ్ల కారాగారము విధింపబడెను. తోడి కంట్రోలర్ల విన్నపములు ఫలించి 1978లో విడుదలయ్యెను. ఒక దేశమున తప్పిదము పాఠమైన యేటనే వేరొక దేశమున అది సంకెలయైనది.

1977 మార్చి 27న టెనెరీఫ్ దీవిలో, పొగమంచు క్రమ్మిన రన్‌వేపైని 583 మందిని బలిగొన్న దుర్ఘటన మాటకొక కట్టుబాటు నేర్పినది. టేకాఫ్ అను పదమును ఆ అనుమతినిచ్చునపుడో, రద్దుచేయునపుడో తప్ప ఉచ్చరింపరాదన్న నియమము నాటి ఫలమే.

మన దేశపు గాయమును ఎట్లు మఱతుము? 1996 నవంబరు 12న ఢిల్లీకి పడమట చర్ఖీ దాద్రీ పైని సౌదీ విమానమును, కజక్ విమానమును ఢీకొనగా 349 మంది అసువులు బాసిరి. వచ్చుదానిని 15,000 అడుగుల వద్ద, పోవుదానిని 14,000 అడుగుల వద్ద నిలుపవలెనని కంట్రోలర్ ఆదేశించి, ఎదురు వచ్చుచున్న విమానమును గూర్చి హెచ్చరించియే యుండెను. కజక్ విమానము అనుమతి లేక క్రిందికి దిగుటయే హేతువని జస్టిస్ లాహోతీ విచారణసంఘము తేల్చెను. కాని ఆ దిగుటను చూడగల కన్ను కంట్రోలర్‌కు ఈయబడలేదు: ఢిల్లీలోని నాటి రాడార్ విమానమెచటనున్నదో చూపునే గాని ఎంత ఎత్తుననున్నదో చూపదు. వచ్చువానికిని పోవువానికిని ఒకటే త్రోవ. పిమ్మట త్రోవలు వేఱుపఱుపబడినవి, ఎత్తును తెలుపు రాడార్ అమరినది, విమానములకు తాకిడి హెచ్చరికయంత్రము విధియైనది. ఇవి ముందే యుండిన, పైలట్ ఏమరుపాటు వట్టి ఏమరుపాటుగనే ముగియవచ్చును గదా!

యంత్రమైనను ఒంటిగా చాలదని 2002 జూలై 1న జర్మనీలోని ఊబర్‌లింగెన్ చాటెను. ఆ ఆకాశమును నియంత్రించు జూరిక్ కేంద్రమున ఆ రాత్రి ఇద్దరిలో ఒకరు విశ్రమింప, మిగిలినవాడు రెండు తెరలను చూచుచుండెను. మరమ్మతుల వలన ముఖ్యమైన టెలిఫోనులు మూగవోయినవి, హెచ్చరిక చూపు ఏర్పాటు ఆపబడినది. ప్రక్క కేంద్రమువారు అపాయమును కనిపెట్టియు పిలుపు అందింపలేకపోయిరి. ఒక రష్యా విమానమును యంత్రము పైకెగయుమనగా కంట్రోలర్ దిగుమనెను. రష్యా పైలట్లు కంట్రోలర్‌ను నమ్మిరి. రెండు విమానములు ఢీకొని 71 మంది మరణించిరి. వారిలో అనేకులు బాలబాలికలు. ఇట్టి పరస్పరవిరుద్ధాజ్ఞలే 2001 జనవరిలో జపాను ఆకాశమున రెండు విమానములను అంచుదాక తెచ్చి విడిచినవి. ఆ పాఠము లోకమునకు నియమము కాకమునుపే ఈ ఘోరము జరిగెను. భార్యాబిడ్డలను పోగొట్టుకొనిన ఒక తండ్రి 2004లో ఆ కంట్రోలర్‌ను అతని యింటి వాకిటనే చంపెను. ఆ కేంద్రమును నడుపు సంస్థలోని నలుగురిని న్యాయస్థానము దోషులుగా నిర్ణయించునప్పటికి 2007 వచ్చినది.

తప్పుచేసినవానికి బాధ్యత లేదని నేననను. బుద్ధిపూర్వకమైన అలక్ష్యము దండనార్హమే. కాని శ్రద్ధతో పనిచేయువాని ఏమరుపాటు ఆపదగా పరిణమించినచోటనెల్ల, నడుమనుండవలసిన దూరమును అంతకుముందే ఎవరో ఒకరు కొంత కొంతగా హరించియే యుండిరి. జాగ్రెబ్‌లో ఆలస్యమైన చెలికాడు, జూరిక్‌లో ఖాళీయైన ఆసనము, వాషింగ్టన్‌లో గడప దాటని వార్త — ఇవియే ఆ దూరమును మ్రింగినవి.

మన పెద్దలు ధన్యులు. వారి ప్రక్క ఆసనము ఖాళీగా నుండలేదు. ఈ రాత్రి మనము ఇండ్లకు చేరి నిదురించువేళ ఏదో ఒక కేంద్రమున ఒక యువకుడో యువతియో తెర ముందు కూర్చుండును. ఆ ప్రక్క ఆసనము నిండియుండునట్లు చూచుటయు, అచ్చట దొరలిన పొరపాటు ఉదయమున నిర్భయముగా పలుకబడునట్లు చూచుటయు ఆ పెద్దలకు మనము సమర్పింపదగిన నిజమైన నివాళి.